తలుపు బుట్టలో గ్లాసు

ఆ ఇంట్లో మూత ఉన్న డబ్బా ఒక్కటి కూడా కనిపించదు. చక్కెర డబ్బా మీద చిన్న పళ్ళెం బోర్లించి ఉంటుంది. ఉప్పు సీసా మూతికి కాగితం చుట్టి రబ్బరుబ్యాండు వేసి ఉంటుంది. కాఫీపొడి సీసా మూత ఏమైందని అత్తగారు అడిగితే, కోడలు ఏమాత్రం తడబడకుండా అది బడికి వెళ్ళిందని చెబుతుంది. మూతలు బడికి వెళ్ళడమేమిటని కొత్తలో ముక్కున వేలేసుకున్న అత్తగారు ఇప్పుడు అలవాటు పడిపోయారు. ఇంటికి వచ్చినవాళ్ళు తిరిగి వెళ్ళేటప్పుడు మాత్రం, వాళ్ళ చేతిసంచి ఒకసారి చూసుకోమని నవ్వకుండా హెచ్చరిస్తారు.

భర్త దర్జీ. ఇంటి ముందు గదిలోనే కుట్టుమిషను, కత్తిరించే బల్ల, గోడకు వేలాడే టేపు. ఖాళీ దారపు రీళ్ళ సంగతి సరేసరి, ఖాళీ కాని రీళ్ళు కూడా అక్కడ నిలవవు. చొక్కాకు గుండీలు కుడదామని కూర్చుని, డబ్బాలో చెయ్యి పెట్టి తడుముకుని, "ఏమేవ్, గుండీలకి బడి ఎప్పుడు వదులుతారు?" అని లోపలికి కేకేయడం ఆయనకు మామూలే.

అందుకే వీధిలో ఆ కోడల్ని మూతల టీచర్ అంటారు. అసలు పేరుతో పిలిచేది జీతాలిచ్చే గుమాస్తా ఒక్కడే అని ఆమే చెప్పుకుని నవ్వుతుంది.

ఆమె చేసే పని, ఇంకా అక్షరాలు రాని పసివాళ్ళకు ఇంట్లో రోజూ చూసే వస్తువులను ఆకారాన్ని బట్టి వేరు చేయడం నేర్పడం. అదీ ఒక పనేనా అని మీకు అనిపిస్తే, అలా అనుకున్నది మీరొక్కరే కాదు. పిల్లల్ని ఆడించడమేగా అని ఆమె చుట్టాల్లో అనని వాళ్ళు లేరు. అలా అన్నవాళ్ళను పట్టుకొచ్చి ఒక్క పూట ఆ గదిలో కూర్చోబెట్టాలి. ఒకడు తన బూట్లు విప్పి బుట్టలో వేస్తాడు. ఇంకొకతె బుట్టనే నెత్తిన పెట్టుకుంటుంది. మరొకడు చదరంగా ఉన్న బిస్కెట్టును చుట్టూ కొరికి కొరికి గుండ్రం చేసి, ఇప్పుడేం చేస్తావన్నట్టు చూస్తాడు. ఈ గోల మధ్యనే, ఇదీ అదీ ఒక్కలాగే ఉన్నాయన్న ఆలోచన ఒక చిన్న బుర్రలో మొదటిసారి పుట్టాలి. అది పుట్టినప్పుడు ఆ మొహం ఎలా ఉంటుందో చూడాలంటే ఆ పక్కనే కాచుకుని ఉండాలి.

ఆమె కూడా ఈ పసివాళ్ళ కోసం వచ్చిన మనిషేం కాదు. పెద్ద తరగతులకు లెక్కలు చెప్పాలన్నది ఆమె కోరిక. అక్కడ ఖాళీ వచ్చేదాకా కింది గదిలో కాస్త చూసుకోమన్నారు. మొదటి రోజే ఒక పిల్లాడు చెయ్యి కొరికాడు. రెండో రోజు అదే పిల్లాడు దగ్గరికొచ్చి, చందమామ గుండ్రం కదా, నిన్న రాత్రి సగమే ఉంది, మిగతా సగం ఎవరు కొరికారు అని అడిగాడు. ఇంటికెళ్ళి ఒక నిమ్మకాయ, ఒక దీపం పెట్టుకుని చాలాసేపు తిప్పి తిప్పి చూసింది. ఆ తర్వాత పై తరగతుల్లో ఖాళీ వచ్చింది, వెళ్తారా అని అడిగారు కూడా. ఆమె ససేమిరా అంది.

కింది గది పెద్దదేమీ కాదు. ఒక పక్క కిటికీ, ఒక మూల మేడ మీదికి వెళ్ళే మెట్లు, మధ్యలో పొడవాటి బల్ల. బల్ల మీద వస్తువులు కుప్పగా ఉంటాయి. గోడ వారగా బుట్టలు వరసగా ఉంటాయి. గుండ్రం బుట్ట ఉంది, చదరం బుట్ట ఉంది, మూడు మూలల బుట్ట ఉంది. దీర్ఘచతురస్రం అన్న మాట మాత్రం పిల్లల నోట్లో పట్టేది కాదు, అందుకని ఆ బుట్టకు ఆమె తలుపు బుట్ట అని పేరు పెట్టింది. పుల్లలు, స్కేళ్ళు, అల్లిక సూదులు వేసేది గీత బుట్ట. పిల్లలు బల్ల మీంచి ఒక్కో వస్తువు తీసుకుని, అది ఏ ఆకారంలో ఉందో ఆ బుట్టలో వేయాలి. ఎవరైనా పొరపాటు వేస్తే ఆమె తప్పు అనదు. ఆ మాట ఆమె నోట రాదు. "ఇది ఇక్కడెందుకు వేశావమ్మా?" అని అడుగుతుంది, చెప్పేది చెవులప్పగించి వింటుంది. వాళ్ళు చెప్పే కారణాలు వినడానికే తను ఆ బడికి వెళ్తున్నానని భర్తతో చాలాసార్లు అంది.

అలాంటి మనిషిని ఒక పిల్ల తల పట్టుకునేలా చేసింది.

కవల పిల్లలు. అక్కాతమ్ముళ్ళు. కాస్త ముందు పుట్టిందని పిల్లను పెద్దది అంటారు, వెనక పుట్టాడని పిల్లాణ్ణి చిన్నోడు అంటారు. చూడబోతే వ్యవహారం తలకిందులు. చిన్నోడు పొడగరి, కాని ఊపిరితిత్తులు బలహీనం, నాలుగడుగులు గట్టిగా వేస్తే ఆయాసం. పెద్దది గదిలో ఉన్న పిల్లలందరిలోకీ పొట్టి, బల్ల అంచు సరిగ్గా దాని ముక్కు దగ్గరికి వస్తుంది, కాని రాయిలా గట్టి. చిన్నోడికి ఆయాసం రాబోతోందంటే ముందుగా తెలిసేది దానికే. వాడి భుజాలు కొంచెం పైకి లేవగానే చేతిలో ఉన్నది వదిలేసి, టీచర్ దగ్గరికి పరుగెత్తుకొచ్చి చెయ్యి పట్టి లాగుతుంది. టీచర్ వెళ్ళి చూసేసరికి వాడు ఇంకా నవ్వుతూనే ఉంటాడు. ఆ వెంటనే మొదలవుతుంది. ఒక్కసారి కూడా ఆ పిల్ల అంచనా తప్పలేదు.

ఆకారాల దగ్గర చిన్నోడికి తిరుగులేదు. నిలబడితే అలసిపోతాడని వాడికి బల్ల పక్కనే ఎత్తు స్టూలు వేశారు. దాని మీద దొరలా కూర్చుని గ్లాసు, పళ్ళెం, రీలు, గరాటు అన్నీ గుండ్రం అని చెబుతాడు, పిల్లల్ని చూసుకునే ఆయా వచ్చి వాటిని తీసుకెళ్ళి బుట్టలో వేస్తుంది. పెద్దది మాత్రం గ్లాసును తలుపు బుట్టలో వేస్తుంది. దారపు రీలూ అందులోకే, పాలపొడి డబ్బా కూడా అందులోకే. గరాటును మూడు మూలల బుట్టలో వేస్తుంది. పళ్ళేన్ని గీత బుట్టలో వేసిన రోజు పిల్లలందరూ ఘొల్లున నవ్వారు. అది నవ్వలేదు, ఏడవలేదు, వెనక్కి తీయనూ లేదు. ఎందుకు వేశావమ్మా అని టీచర్ అడిగితే, "అలాగే ఉంది కదా" అని, ఇంత చిన్న సంగతి అడుగుతున్నదేమిటన్నట్టు చూసింది.

సెలవులు దగ్గరపడుతున్నాయి. సెలవులకు ముందు బడి నడిపే పెద్ద మేడమ్ కిందికి వచ్చి ఒక్కొక్క పిల్లనూ స్వయంగా చూస్తుంది. ఆకారాలు వేరు చేయగలిగిన వాళ్ళు సెలవుల తర్వాత మేడ మీది గదికి వెళ్తారు. చేయలేని వాళ్ళు ఇంకో ఏడాది కిందనే ఉంటారు. ఇందులో కోపతాపాలేం లేవు, ఆ బడి పద్ధతి అది. కాని ఆ లెక్కన చిన్నోడు పైకి, పెద్దది కిందనే. చిన్నోణ్ణి కూడా కిందనే ఉంచమని తల్లి అడిగి చూసింది. చురుకైన పిల్లాణ్ణి ఊరికే కూర్చోబెట్టడం ధర్మం కాదంది పెద్ద మేడమ్. ఆ మాటలోనూ న్యాయం ఉంది.

తల్లి లాండ్రీలో ఇస్త్రీ పని చేస్తుంది. తండ్రి లారీ మీద తిరుగుతుంటాడు, ఇంట్లో ఉండేది తక్కువ. ఒక సాయంత్రం ఆమె చిన్నోణ్ణి చంకనేసుకుని గుమ్మం దగ్గర నిలబడిపోయింది.

"వాడు పైన ఒక్కడే ఉంటే నాకు భయం టీచర్," అంది. "వాడికి ఊపిరి అందట్లేదని నాకు తెలిసేలోపే దానికి తెలుస్తుంది. మీరు ఎలాగైనా దానికి నేర్పండి."

నేర్పుతానని టీచర్ మాటిచ్చింది. ఇచ్చాక గుండెలో రాయి పడింది. ఎందుకంటే ఆ పిల్లకు రానిది ఏమిటో ఆమెకే తెలియదు.

ముందు కళ్ళ మీద అనుమానం వచ్చింది. తల్లి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. పిల్ల అక్కడ గోడ మీద పాకుతున్న చీమను చూపించి డాక్టరుకే తోవ చెప్పిందట. తర్వాత రంగును బట్టి వేస్తోందేమో అనుకుంది టీచర్. ఎర్ర గ్లాసు, పచ్చ గ్లాసు పెట్టి చూసింది, రెండూ తలుపు బుట్టలోకే వెళ్ళాయి. ఇంట్లో వాడకాన్ని బట్టి వేస్తోందేమో అనుకుంటే, గరాటుకూ, మూడు మూలల బుట్టలోనే ఉండే ఇంటి పైకప్పు బొమ్మకూ వాడకంలో ఏ సంబంధమూ లేదు. మొండితనమేమో అంది ఆయా. మొండితనమైతే రోజుకో బుట్ట మార్చాలి, ఈ పిల్ల రోజూ అదే వస్తువును అదే బుట్టలో వేస్తోంది. తెలియక వేసే చెయ్యి ఒక్క క్షణమైనా తడబడుతుంది. ఈ చెయ్యి తడబడదు. దీనికి ఏదో తెలుసు, అదేమిటో నాకు తెలియడం లేదు అనుకుంది టీచర్, అప్పటి నుంచి ఆమెకు నిద్ర పట్టలేదంటే భర్త నమ్మలేదు గాని అత్తగారు నమ్మారు. అన్నం వడ్డిస్తూ పళ్ళెం చేతిలో పట్టుకుని దాన్ని అటూ ఇటూ తిప్పుతూ నిలబడిపోయే కోడల్ని ఆవిడ రోజూ చూస్తున్నారు మరి.

"అమ్మాయ్, ఆ పిల్ల సంగతి తర్వాత, ముందు నా పళ్ళెం కింద పెట్టు," అన్నారు ఒకరోజు.

చివరికి ఆమె చేసిన పని చాలా చిన్నది. మర్నాడు పిల్లలు వస్తువులు ఏరుతుండగా, ఆ పిల్ల వెనకాలే మోకాళ్ళ మీద నడవడం మొదలుపెట్టింది. అది ఎక్కడ నిలబడితే అక్కడ ఆగింది. అది బల్ల అంచుకు ముక్కు ఆనిస్తే తనూ ఆనించింది. ఆయా పాల గ్లాసులు పట్టుకుని లోపలికి వచ్చి, టీచర్ నేల మీద కూలబడి గడ్డం బల్లకు ఆనించి నోరు తెరుచుకుని ఉండటం చూసి, కళ్ళు తిరిగి పడిపోయిందనుకుని కంగారుపడింది. టీచర్ ఆమెకు ఊరుకోమని సైగ చేసింది, బల్ల మీంచి కళ్ళు తిప్పకుండానే.

అక్కడి నుంచి చూస్తే బల్ల మీద గుండ్రం అనేదే దాదాపు లేదు. గ్లాసు నిలువుగా నిలబడిన తలుపు. రీలు చిన్న తలుపు, పాలపొడి డబ్బా పెద్ద తలుపు. బోర్లించిన గరాటు అచ్చంగా మూడు మూలలు. పళ్ళెం ఉన్నచోట ఒక సన్నటి గీత ఉంది, అంతే. బంతి ఒక్కటే ఎటు నుంచి చూసినా బంతి. చేతికి తీసుకోకముందే ఏ బుట్టో తేల్చేసుకునే ఆ పిల్ల, బంతిని ఎప్పుడూ గుండ్రం బుట్టలోనే వేసింది.

టీచర్ లేచి నిలబడింది. అన్నీ గుండ్రంగా అయిపోయాయి. మళ్ళీ కూర్చుంది. మళ్ళీ తలుపులు వచ్చేశాయి. పిల్లలకు ఇదేదో కొత్త ఆటలా తోచి వాళ్ళూ లేవడం, కూర్చోవడం మొదలుపెట్టారు. గది గదంతా గుంజీలు తీస్తుంటే పెద్దది మాత్రం టీచర్ని వింతగా చూసింది. ఎట్టకేలకు నీకూ కనిపించిందా అన్నట్టుందట ఆ చూపు. ఆ సాయంత్రం ఇంట్లో ఆ మాట చెబుతూ టీచర్ పకపకా నవ్వింది. ఇన్నేళ్ళుగా తను నిలబడి చూసిందే ఆకారం అనుకుందట. దర్జీ కత్తెర పక్కన పెట్టి, తన రీలును కళ్ళ ముందు పెట్టుకుని చూసి, అవునే అన్నాడు. అత్తగారు కూడా ఎవరూ చూడకుండా చక్కెర డబ్బా ముందు వంగారు.

ఇక్కడితో సంగతి తేలిపోయిందనుకుంటే పొరపాటు. ఆమె బుర్ర ఒక ప్రశ్నకు జవాబు దొరికితే ఇంకో ప్రశ్న తెచ్చుకునే రకం. గదిలో పొట్టి పిల్లలు ఇంకొందరున్నారు. వాళ్ళ కళ్ళూ బల్లకు కొంచెం పైనే ఉంటాయి, అయినా వాళ్ళు గ్లాసును గుండ్రం అనే అంటున్నారు. వాళ్ళు ఇంట్లో పైనుంచి చూసి ఉంటారు. ఈ పిల్ల చూడలేదా? పైగా ఒకే ఇంట్లో, ఒకే కడుపున పుట్టిన తమ్ముడికి అన్నీ గుండ్రంగానే ఎలా ఉన్నాయి?

ముందు పిల్లను చిన్నోడి స్టూలు మీద నిలబెట్టింది. అది రెండు చేతులతో స్టూలు అంచు పట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చుండిపోయింది. దేనికీ బెదరని పిల్ల ఆ కాస్త ఎత్తుకు వణికింది. పోనీ తనే ఎత్తుకుని చూపిద్దామని టీచర్ చంకల కింద చేతులు వేసింది. పిల్ల చెక్కలా బిగుసుకుపోయి, జారి, కిందికి దిగి, బట్టలు సర్దుకుని వెళ్ళిపోయింది. పసిపిల్లలు ఎత్తుకుంటామంటే ఎగబడతారు గాని ఇలా జారిపోవడం ఆమె ఎక్కడా చూడలేదు.

బడి వదిలాక ఆమె లాండ్రీకి వెళ్ళింది. పని ఏమీ లేదని మొహమాటపడకుండా చెప్పి, ఒక స్టూలు లాక్కుని కూర్చుంది. లోపల ఉడుకు వాసన, ఆవిరి. పొడుగాటి ఇస్త్రీ బల్ల. బల్ల చివర మడతపెట్టిన దుప్పట్ల గుట్ట మీద చిన్నోడు కూర్చుని ఉన్నాడు. కింద తేమ వాడికి పడదు. వాడి కళ్ళ కింద గంజి డబ్బా, నీళ్ళ గ్లాసు, తల్లి టిఫిను తిన్న పళ్ళెం అన్నీ పరుచుకుని ఉన్నాయి. పెద్దది బల్ల పక్కన నేల మీద నిలబడి ఉంది. కళ్ళు బల్ల అంచుకు సరిగ్గా పైన. తల్లి చెయ్యి చాపితే గంజి డబ్బా అందిస్తోంది, మళ్ళీ చాపితే నీళ్ళ గ్లాసు అందిస్తోంది. తల్లికి ఏది కావాలో నోటితో చెప్పనక్కర లేకుండానే దానికి తెలిసిపోతోంది.

"నా కుడిచెయ్యి అదే టీచర్," అంది తల్లి గర్వంగా. "పెద్దదని పేరు పెట్టినందుకు నిజంగానే పెద్దదైపోయింది."

పని అయ్యాక తల్లి భుజానికి సంచి తగిలించుకుంది, చిన్నోణ్ణి చంకనేసుకుంది. పెద్దది అడగకుండానే వచ్చి సంచి పట్టీ పట్టుకుంది. ముగ్గురూ వీధిలో పడ్డారు. కూరగాయల బండి దగ్గర ఆగినప్పుడు చిన్నోడు పైనుంచి తొంగిచూసి తక్కెడ పళ్ళేన్ని వేలితో చూపించాడు. పెద్దది బండి చక్రం వైపు చూస్తూ నిలబడింది. టీచర్ వాళ్ళ వెనకాలే కొంత దూరం నడిచింది. ఒక పిల్లాడు ఈ లోకాన్ని అమ్మ భుజం మీంచి చూశాడు, ఒక పిల్ల బల్లల కింది నుంచి చూసింది. ఆమెకు వెతుకుతున్న జవాబు దొరికింది, దొరికినందుకు సంతోషం మాత్రం కలగలేదు. ఆ తల్లిని పిలిచి చెప్పాలనుకుంది. ఒక చంకలో ఊపిరాడని పిల్లాడు, ఒక భుజానికి సంచి, పొద్దున్నుంచీ నిలబడిన కాళ్ళు. ఆ మనిషిని ఆపలేక ఇంటిదారి పట్టింది.

పెద్ద మేడమ్ వచ్చే రోజు వచ్చేసింది. ఆవిడ భారీ మనిషి, మోకాళ్ళ నొప్పులు, మెట్లు దిగి వచ్చేసరికి ఆయాసపడుతోంది. పిల్లలు బడి వస్తువులకు అలవాటుపడి ఉంటారని, ఆవిడ ఎప్పుడూ తన వంటింట్లోంచే ఒక సంచిలో వస్తువులు తెస్తుంది. వాటిని బల్ల మీద పరిచింది. చిన్నోడి వంతు చిటికెలో అయిపోయింది. తల్లి అప్పటికే లాండ్రీ నుంచి పరుగున వచ్చి, వాణ్ణి స్టూలు మీంచి తీసి చంకనేసుకుని గుమ్మం దగ్గర నిలబడింది.

పెద్దది గ్లాసు తీసింది. తిన్నగా వెళ్ళి తలుపు బుట్టలో వేసింది. మేడమ్ గరాటును బోర్లించి చూపించింది. అది మూడు మూలల బుట్టలోకి వెళ్ళింది. పళ్ళెం గీత బుట్టలోకి వెళ్ళింది. తల్లి మొహం చూడలేక టీచర్ ముందుకొచ్చింది.

"మేడమ్, మీకు మోకాళ్ళ నొప్పులని తెలుసు. అయినా ఒక్కసారి పిల్లల కుర్చీలో కూర్చుని, బల్ల మీదికి వంగి చూస్తారా?"

మేడమ్ కూర్చుంది. కుర్చీ మూలిగింది. టీచర్ గ్లాసునూ గరాటునూ పళ్ళేన్నీ తెచ్చి మళ్ళీ బల్ల మీద పెట్టింది. మేడమ్ గడ్డం బల్లకు ఆనించి ఒక్కోదాన్నీ చూసింది. తర్వాత పెద్దదాని వైపు తిరిగి, నువ్వు చూసింది సరిగ్గానే చూశావమ్మా అంది. ఆవిడ తెలివైన మనిషి, అంతటితో వదల్లేదు. "కాని మేడ మీద అందరూ దీన్ని గుండ్రం అంటారు. అది కూడా దీనికి కనిపించాలి కదా టీచర్? ఒకవైపు మాత్రమే చూసి పైకి వెళ్తే అక్కడ తికమకపడుతుంది."

ఆ మాట సబబే. కాదనడానికి లేదు. స్టూలు ఎక్కించి లాభం లేదు, తను ఎత్తుకుంటే లాభం లేదు. టీచర్ గుమ్మం వైపు తిరిగింది.

"చూడమ్మా, చిన్నోణ్ణి కాసేపు దించి, ఒక్కసారి పెద్దదాన్ని ఎత్తుకో."

తల్లి ఇదేమిటన్నట్టు చూసింది. చిన్నోణ్ణి దించి, పిల్ల దగ్గరికొచ్చి వంగింది. పిల్ల ఒక అడుగు వెనక్కి వేసింది.

"నేను పెద్దదాన్ని కదమ్మా," అంది. "పెద్దవాళ్ళని ఎత్తుకోరు."

కోపంగా అనలేదు. అలిగీ అనలేదు. తల్లి మర్చిపోయిందేమోనని గుర్తుచేసింది, అంతే. తల్లి అలాగే వంగి ఉండిపోయింది. ఆ మాట రోజూ ఎవరి నోట వస్తుందో ఆమెకు తెలుసు. పొద్దున గేటు దగ్గర, సాయంత్రం లాండ్రీ దగ్గర, బండి దగ్గర, మెట్ల దగ్గర తను అన్న మాటే. చటుక్కున పిల్లను రెండు చేతులతో పట్టి పైకి ఎత్తేసింది.

ఆ పిల్లకు చంక ఎక్కడం రాదు. కాళ్ళు రెండూ కర్రల్లా నిటారుగా వేలాడాయి. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గాల్లోనే ఉంచింది. కళ్ళు మాత్రం మూసుకోలేదు, అమ్మ మొహాన్నే చూస్తోంది, అంత దగ్గర నుంచి.

"కాళ్ళు నా నడుం చుట్టూ వెయ్యి తల్లీ," అంది తల్లి. "దీన్ని చివరిసారి ఎప్పుడు ఎత్తుకున్నానో నాకు గుర్తుకు రావట్లేదు టీచర్."

టీచర్ కళ్ళు తుడుచుకుంది. మేడమ్ ఎటో చూస్తూ సంచి సర్దుకుంటున్నట్టు నటించింది.

పిల్ల మెల్లగా తల తిప్పి కిందికి చూసింది. బల్లను చూసింది. నొసలు ముడిపడ్డాయి. ఒకసారి ఇటు, ఒకసారి అటు వంగి చూసింది.

"గ్లాసు మారిపోయింది," అంది.

ఎలా మారిందని మేడమ్ అడిగింది.

"గుండ్రంగా అయిపోయింది. గరాటు కూడా. గుండ్రం లోపల ఇంకో గుండ్రం ఉంది." తర్వాత గట్టిగా తేల్చింది. "కిందనుంచి తలుపు. అమ్మ దగ్గర్నుంచి గుండ్రం."

మేడమ్ కుర్చీలోంచి కష్టపడి లేచి, సెలవుల తర్వాత ఇద్దరూ కలిసే పైకి రావచ్చంది. తల్లి ఎన్నాళ్ళుగానో ఎదురుచూసిన మాట అది. విన్నదో లేదో తెలియదు, తల మాత్రం ఊపింది. పని అయిపోయింది కదా అని అలవాటుగా పిల్లను దించబోయింది. అంతసేపూ కర్రల్లా వేలాడిన కాళ్ళు ఆమె నడుము చుట్టూ బిగుసుకున్నాయి. తల్లి మళ్ళీ నిటారుగా నిలబడింది.

అలాగే గుమ్మం వైపు నడిచారు. చిన్నోడు అమ్మ సంచి పట్టీ పట్టుకున్నాడు. వాడికి ఇదంతా కొత్తగా ఉంది, తలెత్తి అక్కనూ, తల దించి గచ్చునూ మార్చి మార్చి చూస్తున్నాడు. పెద్దది పైనుంచి కనిపించినవన్నీ ఏకరువు పెడుతోంది. బకెట్టు గుండ్రం, డ్రమ్ము గుండ్రం, ఆయా కొప్పు గుండ్రం. మెట్ల దగ్గరికి వచ్చేసరికి ఉన్నట్టుండి ఆగిపోయింది. మాటల మధ్యలోనే ఆగిపోయింది. అది తమ్ముడి భుజాల వైపు చూస్తోంది.

"అమ్మా, నన్ను దించు. చిన్నోడికి వస్తోంది."

వాడు ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. తల్లి అంతదాకా వాడిని చూడనే లేదు. పిల్ల అప్పటికే కాళ్ళు వదులు చేసి, జారడానికి సిద్ధంగా ఉంది. ఒక్క క్షణం తల్లి ఇద్దరి మధ్యా నిలబడిపోయింది. తర్వాత భుజం మీది సంచి తీసి నేల మీద పడేసి, మేడ మీదికి వెళ్ళే మెట్లలో అన్నిటికన్నా కింద ఉన్నదాని మీద కూర్చుండిపోయింది. ఒక తొడ మీదికి చిన్నోణ్ణి లాక్కుంది. రెండో చేత్తో పెద్దదాన్ని వదల్లేదు.

"నువ్వు దిగొద్దు," అంది. "ముగ్గురం కూర్చుందాం."

వాడి ఊపిరి కుదుటపడేదాకా అలాగే కూర్చున్నారు. పెద్దది అమ్మ మెడ చుట్టూ ఒక చెయ్యి వేసి, ఇంకో చేత్తో తమ్ముడి వీపు నిమురుతూ ఉంది. టీచర్ మేడమ్ తెచ్చిన ఆ గ్లాసే తీసుకుని, నీళ్ళు నింపి, వాళ్ళ దగ్గరికి తెచ్చి ఇచ్చింది.